ఒకే నవల, అన్ని పీరియడ్లు: ‘ది సీక్రెట్ గార్డెన్’ చుట్టూ అల్లుకోగల తరగతి కృత్యాలు

పిల్లల చేత ఒక కథ చదివించి, దాని చుట్టూ గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, భాష, వ్యాయామ విద్య కలిసి నడిచేలా కృత్యాలు రూపొందించడాన్ని పాఠ్యవిషయాల అనుసంధానం అంటున్నాం. శిక్షణ తరగతుల్లో ఈ మాట వినని ఉపాధ్యాయులు ఉండరు. కానీ అది తరగతి గదిలోకి వచ్చేసరికి చాలాచోట్ల పైపూతగా మిగులుతోంది. కథలో తోట ఉంది కనుక గణితం పీరియడ్‌లో ‘తోటలో 24 గులాబీలు, 36 మల్లెలు ఉంటే మొత్తం పూలెన్ని?’ అని అడుగుతారు, డ్రాయింగ్ పీరియడ్‌లో తోట బొమ్మ వేయిస్తారు, సైన్సు పీరియడ్‌లో పుష్పంలోని భాగాలు గుర్తించమంటారు. ఆ లెక్క చేయడానికి పిల్లవాడు కథ చదవనక్కరలేదు. చేసినందువల్ల కథలో కొత్త విషయమేదీ వాడికి తెలియదు. కథ, లెక్క ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కన ఉన్నాయి తప్ప వాటి మధ్య బంధం లేదు. ఈ వ్యాసం ఆ బంధం గురించి: అది ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు, వ్యక్తిత్వ వికాసం ఇతివృత్తంగా ఉన్న నవలను తీసుకున్నప్పుడు అదనంగా ఏ జాగ్రత్త కావాలి అన్నవి ఒక నిర్దిష్టమైన నవల ఆధారంగా పరిశీలిస్తాను.

ఆలోచన కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త రూసో తన ఊహా శిష్యుడి చేతికి మొదట ఇవ్వదలచిన పుస్తకం ఒంటరి దీవిలో చిక్కుకున్న నావికుడి కథ ‘రాబిన్సన్ క్రూసో’. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జిల్లర్ అనే విద్యావేత్త అదే కథను ప్రాథమిక పాఠశాల రెండో సంవత్సరానికి కేంద్రంగా పెట్టి, మిగిలిన విషయాలను దాని చుట్టూ అమర్చాడు. మన దేశంలో 1937 వార్ధా విద్యా సమావేశం తరువాత, హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం చేతిపనిని కేంద్రంగా చేసుకొని, రాట్నం దగ్గరే లెక్కలూ చరిత్రా భూగోళమూ నేర్పాలని ప్రతిపాదించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2020 జాతీయ విద్యా విధానం కూడా విషయాల మధ్య గోడలు తగ్గాలనే అంటున్నాయి. నయీ తాలీమ్ అని పేరొందిన ఆ పద్ధతి నుంచి తీసుకోవలసిన పాఠం ఒకటుంది. రాట్నం ముందు కూర్చున్న పిల్లవాడికి నూలు పొడవు కొలవక తప్పదు, ఎందుకంటే కొలవకపోతే పని సాగదు. కథ చుట్టూ అల్లే కృత్యంలో కూడా ఆ తప్పనిసరితనం ఉండాలి.

ఇక్కడ తీసుకుంటున్న నవల ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన ‘ది సీక్రెట్ గార్డెన్’. 1911లో పుస్తకంగా వచ్చింది, 27 అధ్యాయాలు. రచయిత్రి 1924లో మరణించారు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ళ వరకే హక్కులుంటాయి కనుక, కావలసిన అధ్యాయాలను ఉపాధ్యాయులే తెలుగు చేసుకొని తరగతిలో నిశ్చింతగా వాడుకోవచ్చు. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు ఉపవాచకంగా బాగా సరిపోతుంది.

కథ క్లుప్తంగా ఇది. బ్రిటిష్ ఇండియాలో ఒక ఆంగ్ల అధికారి కూతురు మేరీ లెనాక్స్. దాదాపు తొమ్మిదేళ్ళ పిల్ల, ముభావి, మొండిది, ఎవరికీ ఇష్టం లేనిది. కలరా వచ్చి తల్లీ తండ్రీ ఆయా అందరూ పోతారు. మేరీని ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, దాదాపు వంద గదులున్న మేనమామ వరసైన ఆర్చిబాల్డ్ క్రేవన్ భవనానికి పంపుతారు. అక్కడ పదేళ్ళుగా తాళం వేసి ఉన్న తోట ఒకటి, నడవలేనని నమ్మి మంచం దిగని క్రేవన్ కొడుకు కోలిన్ ఆమె కంటపడతారు. పనిమనిషి మార్తా, ఆమె తమ్ముడు డికన్, ముసలి తోటమాలి బెన్ సహాయంతో పిల్లలు ఆ తోటను బాగుచేస్తారు. తోటతోపాటు వాళ్ళూ బాగుపడతారు.

బాగుపడటం అనే మాట దగ్గరే మన తరగతి గదులకు ఒక ప్రమాదం పొంచి ఉంది. ఇలాంటి నవల చేతికి రాగానే దాన్ని నీతి పాఠంగా మార్చేయాలన్న కోరిక కలుగుతుంది. ‘మేరీలో వచ్చిన మార్పులు రాయండి, మీరు మార్చుకోవలసిన మూడు అలవాట్లు రాయండి’ అన్న ప్రశ్న బోర్డు మీద పడుతుంది. పిల్లలు ఉపాధ్యాయుడికి ఏది నచ్చుతుందో అదే రాస్తారు: పొద్దున్నే లేస్తాను, ఫోను చూడను, అమ్మానాన్నల మాట వింటాను. ఆ జవాబులతో నవలకు సంబంధం లేదు. నవలలో మేరీ ఒక్కసారి కూడా మంచి పిల్లగా మారాలని తీర్మానించుకోదు. ఆమెకు మట్టి తవ్వాలనిపిస్తుంది, మొలకల చుట్టూ గడ్డి పీకాలనిపిస్తుంది, పిచ్చుకంత రాబిన్ పక్షితో మాట్లాడాలనిపిస్తుంది. ఆ పనిలో పడి ఆకలి పుడుతుంది, ఒళ్ళు వస్తుంది, ఎదుటి మనిషి కనిపిస్తాడు. మార్పు పని వెంట వచ్చింది. అందుకే ఈ నవలకు న్యాయం చేయాలంటే పిల్లలకు ఉపదేశం తగ్గించి పని ఎక్కువ ఇవ్వాలి, ఆ పని ఇచ్చే శక్తి గణితానికి, సైన్సుకు, సాంఘికశాస్త్రానికి ఉంది.

అలాంటి పని ఎంచుకునేటప్పుడు రెండు పరీక్షలు పెట్టుకుంటే చాలు. కృత్యం పూర్తిచేయడానికి పిల్లలు పుస్తకంలోని పేజీలు మళ్ళీ తిరగేయవలసి వస్తోందా? వచ్చిన జవాబు ఆ విషయం తెలిసిన ఉపాధ్యాయుడికి కూడా ఆసక్తి కలిగించేదేనా? రెండింటికీ అవునన్న జవాబు రాకపోతే ఆ కృత్యాన్ని వదిలేయడం మేలు. ఆరు బలహీనమైన కృత్యాలకన్నా రెండు గట్టివి ఎక్కువ నేర్పుతాయి.

సౌర్‌బీల ఇంటి లెక్క

గణితానికి ఈ నవల ఇచ్చే అవకాశం తోటలో లేదు, మార్తా వాళ్ళ ఇంట్లో, అంటే సౌర్‌బీల కుటుంబంలో ఉంది. మార్తా మాటల్లో అక్కడక్కడా దొర్లిన అంకెలను ఏరుకురావడమే మొదటి పని. తండ్రి సంపాదన వారానికి 16 షిల్లింగులు. పిల్లలు పన్నెండుమంది, తల్లిదండ్రులతో కలిపి 14 మంది. కుటీరం అద్దె ఒక షిల్లింగు మూడు పెన్నీలు, అది కట్టడమే గగనమంటుంది మార్తా. మరోవైపు మేరీకి ప్రతి శనివారం చేతిఖర్చుకు ఒక షిల్లింగు ఇస్తారు. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో ఆ పిల్లకు తెలియదు. ఊళ్ళో కొట్లో చిన్న పార, పళ్ళపార, ఫోర్కు కట్టకట్టి రెండు షిల్లింగులకు అమ్ముతారు. పూల విత్తనాల పొట్లం ఒక పెన్నీ. ఈ అంకెలు ఒకేచోట లేవు, వేర్వేరు అధ్యాయాల్లో మాటల మధ్య దాగి ఉన్నాయి. వాటిని వెతికి పట్టిక వేయడం చదివి గ్రహించే సామర్థ్యానికి మంచి పరీక్ష.

షిల్లింగుకు 12 పెన్నీలు, పౌనుకు 20 షిల్లింగులు. ఇంగ్లండు 1971 వరకు ఈ పద్ధతిలోనే లెక్కపెట్టుకుంది. మన పిల్లలకు ఇది కొత్తగా అనిపించినా వాళ్ళ ముత్తాతలకు కాదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు మన రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పదహారణాల తెలుగు అని ఈనాటికీ అనుకునే మనకు ఆ అంకె ఎక్కడిదో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. పైగా 16 షిల్లింగులను పెన్నీలుగా మార్చినా, రూపాయిని పైలుగా మార్చినా వచ్చేది 192. తరగతిలోని పిల్లలు రెండు లెక్కలూ చేసి ఈ పోలికను తామే కనుక్కోవాలి. ముందే చెప్పేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అద్దె వారానికి కట్టేదని అనుకుంటే 192 పెన్నీల్లో 15 పోగా 177 మిగులుతాయి. వాటిని 14 మందికి పంచితే తలకు వారానికి పన్నెండున్నర పెన్నీల పైచిలుకు వస్తుంది. తిండి, బట్ట, చెప్పులు, చలికి కట్టెలు, మందులు అన్నీ అందులోనే. మేరీ దేనికి ఖర్చుపెట్టాలో తెలియక దాచుకుంటున్న చేతిఖర్చు 12 పెన్నీలు. ఒక మనిషి వారమంతా బతికే డబ్బూ ఒక చిన్నపిల్లకు ఊరికే ఇచ్చే డబ్బూ దాదాపు సమానమని లెక్క తేలేసరికి తరగతిలో చర్చ దానంతట అదే మొదలవుతుంది. మార్తా జీతం కూడా ఇంటికి వస్తుంది కదా, దాన్ని ఎందుకు కలపలేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఊహలు మారితే ఫలితం మారుతుందని నేర్పడానికి ఆ ప్రశ్న చాలా విలువైనది.

ఆ లెక్క అయ్యాక పిల్లలను తాడాట ఘట్టానికి తిరిగి పంపాలి. మార్తా తెచ్చిన జీతంలోంచి తల్లి రెండు పెన్నీలు తీసి, ఎన్నడూ చూడని మేరీ కోసం తాడు కొనిపంపుతుంది. ప్రతి పెన్నీకీ నాలుగు ఖర్చులు కాచుకొని ఉన్నాయని తెలిసే ఆ పని చేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు అది ఒక చిన్న కానుక. పన్నెండున్నర పెన్నీల సంగతి తెలిసిన తరువాత చదివితే ఆ రెండు పెన్నీల బరువు వేరు. తరువాతి అధ్యాయాల్లో మేరీ, కోలిన్ తమ దగ్గరకు వచ్చే పాలు, రొట్టెల వల్ల 14 మంది ఉన్న ఆ ఇంటికి భారమవుతుందని గ్రహించి తమ షిల్లింగులు పంపడం మొదలుపెడతారు. కృతజ్ఞత అనే గుణం గురించి ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, లెక్క చేసిన పిల్లలకు అది ఆ ఘట్టంలో కనిపిస్తుంది.

ఉల్లిపాయ, మెంతులు, కోలిన్ ప్రయోగం

సైన్సులో మొదటి కృత్యం చిన్నది. తోటలోకి మొదటిసారి వెళ్ళిన మేరీ నేలలోంచి పొడుచుకొచ్చిన ఆకుపచ్చ మొనలను చూసి, ఉల్లిపాయల్లా ఉండే తెల్లటి వేర్లు ఏమిటని తరువాత మార్తాను అడుగుతుంది. అవి లశునాలని, వాటిలోంచి డాఫొడిల్, క్రోకస్, స్నోడ్రాప్ లాంటి పూలు వస్తాయని మార్తా చెబుతుంది. మనకు ఆ పూలు దొరకవు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప ప్రతి వంటింట్లో ఉంటాయి. ఉల్లిపాయను నిలువుగా కోస్తే అడుగున పళ్ళెంలాంటి కాండం, దాని మీద పొరలుపొరలుగా ఆహారం దాచుకున్న ఆకులు కనిపిస్తాయి. అయోడిన్ చుక్క వేస్తే బంగాళదుంప ముక్క నల్లనీలంగా మారుతుంది, ఉల్లిపొర మారదు. నేలలో దాగిన రెండూ ఆహార నిల్వలే, కానీ ఒకటి పిండిపదార్థంగా, మరొకటి ఎక్కువగా చక్కెరలుగా దాచుకుంది. పదేళ్ళు పట్టించుకోకపోయినా తోట ఎందుకు చావలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మేరీ మొలకల చుట్టూ గడ్డి పీకి వాటికి ఊపిరాడేలా చేశానని అనుకుంటుంది. నిజానికి ఏ వనరుల కోసం పోటీ తగ్గిందో రాయమనడం మరో మంచి ప్రశ్న.

రెండో కృత్యం ఈ నవలకు గుండెకాయ వంటిది. 23వ అధ్యాయంలో కోలిన్ తాను ఒక శాస్త్రీయ ప్రయోగం చేయబోతున్నానని ప్రకటిస్తాడు. తోటను బతికించిన శక్తి తనలోనూ ఉందని, అది తనను బాగుచేస్తోందని రోజూ పదేపదే అనుకుంటే నిజంగా బాగుపడతానా అన్నది చూడాలంటాడు. అందరూ వలయంగా కూర్చుంటారు, కోలిన్ మంత్రంలా జపిస్తాడు, తరువాత తోట చుట్టూ నడుస్తాడు. రోజులు గడిచేకొద్దీ బలం వస్తుంది. ప్రయోగం విజయవంతమైందని అతని తీర్మానం. రచయిత్రికి ఆ కాలంలో అమెరికాలో ప్రచారంలో ఉన్న క్రిస్టియన్ సైన్స్ వంటి భావాల పట్ల ఆసక్తి ఉండేది. ఆలోచనే రోగాన్ని తెస్తుంది, ఆలోచనే నయం చేస్తుందన్న నమ్మకం ఈ అధ్యాయాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నేటి వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో వినిపించే ‘అనుకుంటే అయిపోతుంది’ అన్న ధోరణికి ఇది పూర్వరూపం. దాన్ని యథాతథంగా పిల్లల ముందు పెట్టి వదిలేయడం తప్పు, ఆ అధ్యాయాన్ని దాటవేయడం అంతకన్నా పెద్ద తప్పు. సైన్సు తరగతి చేయవలసినది కోలిన్ ప్రయోగాన్ని పరీక్షించడం.

పిల్లలు ముందుగా ఒక పట్టిక వేయాలి. జపం మొదలయ్యే నాటికి, ఆ తరువాత కోలిన్ జీవితంలో ఏమేమి మారాయి? మూసిన గదిలోంచి ఎండలోకి, గాలిలోకి వచ్చాడు. తోటలో పనిచేస్తున్నాడు. ఇంటి భోజనం కాక మార్తా తల్లి పంపే పాలు, రొట్టెలు, పిల్లలే నిప్పుల మీద కాల్చుకునే బంగాళదుంపలు, గుడ్లు తింటున్నాడు. బాబ్ హావర్త్ అనే కుస్తీ వీరుడి దగ్గర డికన్ నేర్చుకొచ్చిన కసరత్తులు చేస్తున్నాడు. పదేళ్ళలో మొదటిసారి స్నేహితులు దొరికారు. వీటితోపాటు జపమూ ఉంది. ఇన్ని కారణాలు ఒకేసారి మారినప్పుడు ఫలితం దేనివల్ల వచ్చిందో ఎలా చెప్పగలం? ప్రతి మార్పుకూ ఏ అధ్యాయంలో ఆధారం ఉందో పక్కన రాయాలి. బాగుపడుతున్నాడా లేదా అన్నది నిర్ణయిస్తున్నదెవరు? ప్రయోగం చేస్తున్న కోలినే. పైగా అతడు ఆ మార్పును వైద్యుడి నుంచి దాస్తున్నాడు. ఆ వైద్యుడు కోలిన్ చనిపోతే ఆస్తి దక్కే బంధువు కూడా. పరిశీలకుడికి ఫలితంలో స్వార్థం ఉండకూడదన్న సూత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంత సూటిగా అర్థమయ్యే ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

తరువాత పిల్లలు తమ ప్రయోగం తాము చేయాలి. మంచి మాటలు చెబితే మొక్క బాగా పెరుగుతుందన్న నమ్మకాన్ని పరీక్షకు పెట్టవచ్చు. ఒకే పొట్లంలోని 40 మెంతి గింజలను ఒకే మట్టి నింపిన రెండు ట్రేలలో ఇరవై చొప్పున వేయాలి. నీళ్ళు కొలగ్లాసుతో సమానంగా పోయాలి, రెండూ ఒకే కిటికీ దగ్గర ఉండాలి. ఒక ట్రేను రోజూ వరండాలోకి తీసుకెళ్ళి ఐదు నిమిషాలు మంచి మాటలు చెబుతారు, రెండోదాన్ని కూడా అంతే సేపు అదే వరండాలో మౌనంగా ఉంచుతారు. రెండోదాన్ని అసలు కదపకపోతే ఏమవుతుందన్న చర్చ ఇక్కడ తప్పక రావాలి, ఎందుకంటే ఎండలో తేడా కూడా ఒక కారణమవుతుంది. రెండు వారాల తరువాత ఎత్తు కొలిచే పిల్లలకు ఏ ట్రే ఏదో తెలియకూడదు. ట్రేల అడుగున రాసిన గుర్తు కొలతలు పూర్తయ్యాకే చూడాలి. సగటుతోపాటు ఒకే ట్రేలో అతి పొట్టి మొక్కకూ అతి పొడుగు మొక్కకూ ఉన్న తేడాను కూడా లెక్కించాలి. ఒకే ట్రేలోనే అంత వ్యత్యాసం ఉన్నప్పుడు రెండు సగటుల మధ్య కాస్త తేడా వస్తే దాన్ని నమ్మవచ్చా అన్న ప్రశ్న గణితం పీరియడ్‌లోని సాంఖ్యకశాస్త్ర పాఠానికి నేరుగా తీసుకెళుతుంది. ఇక్కడ సైన్సు, గణితం ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి, వాటిని కలపడానికి ఎవరూ కష్టపడనక్కరలేదు.

జపం వ్యర్థమని చెప్పి పాఠం ముగించనూ కూడదు. భయం పోవడం కోలిన్‌కు నిజంగా మేలుచేసింది, ఎందుకంటే భయమే అతన్ని మంచానికి కట్టిపడేసింది. భయం పోయినందువల్ల లేచి కదిలాడు, కదిలినందువల్ల కండ పట్టింది. మాట నేరుగా కాలును బాగుచేయడానికీ, మాట వల్ల మనిషి కదలడానికీ మధ్య ఉన్న తేడాను బాణపు గుర్తులతో గీయిస్తే పిల్లలు సులువుగా గ్రహిస్తారు.

ఇక్కడే మరో జాగ్రత్త. చక్రాల కుర్చీ వాడే పిల్లలు, నడకలో ఇబ్బంది ఉన్న పిల్లలు ఇదే తరగతిలో ఉండవచ్చు. మనసు గట్టిచేసుకుంటే లేచి నడవవచ్చన్న అర్థం ఆ పిల్లల మీద అన్యాయమైన భారం మోపుతుంది. కోలిన్‌కు వెన్నెముక జబ్బు లేదని, కాళ్ళు వాడకపోవడం వల్లే బలహీనపడ్డాయని నవలే చెబుతోందని స్పష్టం చేయాలి. ఆ తరువాత దృష్టిని కోలిన్ కాళ్ళ నుంచి దారి మీదకు మళ్ళించాలి. డికన్ చక్రాల కుర్చీ తోసుకుంటూ అతన్ని తోటలోకి తీసుకెళ్ళగలిగాడంటే ఆ దారి అందుకు వీలుగా ఉంది. మన బడిలో ఉందా? చక్రాల కుర్చీకి వాలుదారి 1:12 నిష్పత్తికన్నా నిటారుగా ఉండకూడదన్నది మన దేశంలోనూ పాటించవలసిన ప్రమాణం. 15 సెంటీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, వాలుదారి పొడవు 540 సెంటీమీటర్లు కావాలి. పిల్లలు టేపు పట్టుకొని బడిలోని ర్యాంపులను కొలిచి, లోపముంటే ప్రధానోపాధ్యాయులకు వినతిపత్రం రాస్తారు. నిష్పత్తి, లేఖారచన, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మూడూ ఒకే పనిలో వచ్చేశాయి.

పేరు మరుగునపడిన ఆయా

సాంఘికశాస్త్రానికి మొదటి అధ్యాయం ఒక్కటే నెల రోజుల పాఠం. కలరా ఎందుకు వచ్చిందో, ఎలా పాకిందో అందులో ఒక్క మాట లేదు. అది గాలివానలా వచ్చిపడుతుంది. నవల అచ్చయ్యేనాటికి కారణం తెలియకపోలేదు. 1854లో లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపు నీటికీ కలరా మరణాలకూ ఉన్న సంబంధాన్ని చూపించాడు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాఖ్ ఆ సూక్ష్మజీవిని వేరుచేసి చూపాడు. మరణాలు వరసగా జరుగుతున్న ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిన మేరీ భోజనాల బల్ల దగ్గరకు వెళ్ళి పళ్ళు, బిస్కట్లు తిని, అక్కడున్న గ్లాసులోని వైన్ తాగి నిద్రపోతుంది. నీళ్ళు తాగినట్లు ఆ ఘట్టంలో లేదు. రచయిత్రి ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, ఆ ఇంట్లోని ఏ పదార్థం ద్వారా రోగం సోకే అవకాశం ఎక్కువ, దేని ద్వారా తక్కువ అని పిల్లలు వాదించవచ్చు. అక్కడి నుంచి 1959లో కలకత్తాలోనే కలరా విషాన్ని నిరూపించిన శంభునాథ్ డే, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో ఉప్పు, చక్కెర కలిపిన నీటితో వేలమందిని కాపాడిన దిలీప్ మహలనబిస్ వరకు ఒక కాలరేఖ గీయవచ్చు.

ఇంతకన్నా కఠినమైన ప్రశ్న ఆయా గురించి. మేరీని పుట్టినప్పటి నుంచి పెంచిన మనిషి ఆమె. కలరాతో అందరికన్నా ముందు చనిపోయేవాళ్ళలో ఆమె ఒకరు. ఆమె పేరు సైదీ అని మొదటి అధ్యాయంలో, అదీ మేరీ ఆమెను తిట్టుకునే సందర్భంలో వస్తుంది, మిగతా చోట్ల ఆమె ‘ఆయా’ మాత్రమే. తరువాత యార్క్‌షైర్‌లో మార్తా మేరీని చూసి నల్లపిల్ల అనుకున్నానని అన్నప్పుడు, ఇండియాలోని స్థానికులు మనుషులే కాదని, సలాములు చేయవలసిన నౌకర్లని మేరీ మండిపడుతుంది. ఈ వాక్యాన్ని కత్తిరించి చదివించే ఉపాధ్యాయులు ఉండవచ్చు. దాన్ని ఉంచి, అది ఎవరి నోట వచ్చిందో, ఎవరు నేర్పారో, నవల దాన్ని ఎంతవరకు ఖండించిందో, ఎంతవరకు వదిలేసిందో అడగడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. మేరీ అంతగా మారింది, మార్తా కుటుంబాన్ని ప్రేమించింది. చనిపోయిన ఆయాను మాత్రం ఆత్మీయంగా ఎప్పుడూ తలచుకోదు. ఆమె ఎదుగుదల ఎక్కడ ఆగిపోయిందో పిల్లలు ఇక్కడ గుర్తించగలరు.

ఆయాలు చరిత్రలో ఉన్నారు. దొరల పిల్లలను చూసుకుంటూ ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళినవాళ్ళలో కొందరిని పని అయిపోయాక అక్కడే వదిలేసేవారు. అలాంటివారి కోసం లండన్‌లోని హ్యాక్నీలో వసతి గృహం నడిచింది. 2022లో ఆ భవనానికి చారిత్రక స్థలాలకు పెట్టే నీలి ఫలకం పెట్టారు. ఆయా వైపు నుంచి మొదటి అధ్యాయాన్ని తిరిగి రాయడం, ఆమెకు ఒక ఊరు, ఇంట్లో ఎదురుచూసే మనుషులను ఇవ్వడం తెలుగు పీరియడ్‌కూ చరిత్ర పీరియడ్‌కూ ఉమ్మడి పని. ఊహించి రాసినా నవలలో జరిగిన సంఘటనలను మార్చకూడదన్న నియమం పెడితే పిల్లలు ప్రతి వాక్యానికీ పుస్తకం తెరుస్తారు.

భూగోళానికి చెప్పవలసినది కొంతే. యార్క్‌షైర్ దాదాపు 54 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు 17 మీద. జూన్‌లో అక్కడ పగలు సుమారు 17 గంటలు, ఇక్కడ 13 గంటలకు కాస్త ఎక్కువ. పిల్లలు సాయంత్రం చాలాసేపటివరకు తోటలో ఎలా ఉండగలిగారో ఆ తేడా చెబుతుంది. వ్యాయామ విద్యలో తాడాట ఆడి, ఆడకముందూ ఆడాకా నాడి కొలిచి, తిరిగి మామూలుకు రావడానికి ఎంత సమయం పట్టిందో గ్రాఫు గీస్తే సరిపోతుంది. మొదట్లో కాస్త ఎగరగానే అలసిపోయిన మేరీ క్రమంగా ఎలా పుంజుకుందో నవలలో ఉంది.

భాష దగ్గర ఒక్క విషయం మీద ఆగాలి. మార్తా, డికన్, బెన్ యార్క్‌షైర్ యాసలో మాట్లాడతారు. మొదటి రోజు మార్తా ‘నీ అంతట నువ్వు బట్టలు వేసుకోలేవా’ అని అడిగితే మేరీకి అర్థం కాదు. తెలుగు చేసేటప్పుడు ఈ యాసను ఏంచేయాలి? పనిమనిషి కనుక ఏదో ఒక ప్రాంతపు యాస తగిలించేయడం మన సినిమాలు చాలాకాలం చేసిన పని, దాని గాయం తెలంగాణకూ ఉత్తరాంధ్రకూ తెలుసు. ఈ నవలలో పరిస్థితి వేరు. యాస మాట్లాడేవాళ్ళకే మొక్కలు తెలుసు, జంతువులు తెలుసు, మనుషులు తెలుసు. మేరీ, కోలిన్ ఇష్టపడి ఆ యాస నేర్చుకుంటారు. అందుకని మార్తా మాటను ప్రతి పిల్లవాడూ తన ఇంటి మాటలోనే రాయాలి. ‘బట్టలేసుకోనీకి వస్తలేదా నీకు?’ అని ఒకరు, ‘గుడ్డలేసుకునేకి రాదా నీకు?’ అని ఒకరు, ‘నీ బట్టలు నువ్వేసుకోలేవేటి?’ అని ఇంకొకరు రాస్తారు. మూడింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏ యాసలో ఏ ప్రత్యయం మారిందో చూపిస్తే అదే వ్యాకరణ పాఠం.

మార్కుల సంగతి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు ఇప్పటికే చోటుంది కనుక దీనికోసం కొత్త ఏర్పాటు అవసరం లేదు. పట్టికలో ఆధారాలు చూపారా, ప్రయోగంలో నియంత్రణ పాటించారా, లెక్కలో ఊహలను స్పష్టంగా రాశారా అన్నవాటికి మార్కులు ఇవ్వాలి. పిల్లవాడు ఎంత బాగుపడ్డాడు అన్నదానికి ఇవ్వకూడదు. గోడ మీద ‘నా మంచి అలవాట్లు’ చార్టులు, రోజూ నక్షత్రాలు అంటించడం వంటివి ఈ నవల పేరుతో మొదలుపెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. మేరీకి ఎవరూ నక్షత్రాలు ఇవ్వలేదు. తాడు ఇచ్చారు, పార ఇచ్చారు, కాస్త నేల ఇచ్చారు.

అమలు విషయానికి వస్తే, వారానికి రెండు అధ్యాయాల చొప్పున 27 అధ్యాయాలకు 14 వారాలు పడుతుంది. దసరా సెలవుల తరువాత మొదలుపెడితే సంక్రాంతి దాటి కొన్నాళ్ళకు ముగుస్తుంది. మన ప్రాంతంలో మెంతులు, ఉల్లి బాగా పెరిగే చలికాలమూ అదే. తెలుగు లేదా ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చదివింపును నడిపితే, గణితం, సైన్సు, సాంఘికం ఉపాధ్యాయులకు ఒక్కొక్కరికి మూడు నాలుగు పీరియడ్లకు మించి పట్టదు. పిల్లలు వేర్వేరు నోటుపుస్తకాలు వాడకుండా ఈ పనికంతా ఒకే పుస్తకం పెట్టుకోవాలి. సౌర్‌బీల ఇంటి లెక్క ఉన్న పేజీ తరువాతే తాడాట ఘట్టం మీద రాసిన పేజీ రావాలి, కోలిన్ పట్టిక తరువాతే మెంతి కొలతలు రావాలి. నలుగురు ఉపాధ్యాయులూ ఆ ఒక్క పుస్తకాన్నే దిద్దుతారు. గణితం ఉపాధ్యాయుడు తన లెక్కను దిద్దుతూ పక్క పేజీలోని ఆయా కథను చదవవలసి వస్తుంది, తెలుగు ఉపాధ్యాయుడు సగటులను చూడవలసి వస్తుంది. ఉపాధ్యాయుల గదిలో ఆ పుస్తకాల మీద మాటలు మొదలైన బడిలో రెండో నవలను ఎంచుకోవడం మొదటిదానికన్నా చాలా తేలిక.